ఆ కీ దేనికి కట్టి ఉంది?



మామిడి కోతలు ముగిసి తోటల డబ్బు చేతికందే రోజులూ, ఇంటర్ పాసైన పిల్లలు పై చదువులకు హైదరాబాదో, మహబూబ్‌నగరో, కర్నూలో బయలుదేరే రోజులూ కొల్లాపూర్ ప్రాంతంలో దాదాపు ఒకటే. ఆ పిల్లల్లో చాలామందికి ల్యాప్‌టాప్ కావాలి. తండ్రి బిడ్డను వెంటబెట్టుకొని దుకాణానికి పోతాడు. ధర, ర్యాము, బ్యాటరీ, వారంటీ అన్నీ అడిగి తెలుసుకుంటాడు. అంతా అయ్యాక దుకాణంలోని పిల్లవాడు ఒక మాట అడుగుతాడు: "విండోస్ ఒరిజినల్ వెయ్యమంటవా అన్నా, మామూలుది వెయ్యమంటవా?" ఒరిజినల్‌కు వేలల్లో అవుతుంది, మామూలుది ఊరికే వస్తుంది. తండ్రి బిడ్డ ముఖం చూస్తాడు. "మామూలుదే చాలు నాయినా" అంటుంది ఆ పిల్ల, నాయిన కష్టం తెలిసి.

ఈ రోజు ఆ ప్రశ్న గురించే మాట్లాడాలనుకుంటున్నాను. ఆ తండ్రి ముందు పెట్టిన రెండు దారుల్లో ఒకటి దొంగ దారి. దాన్ని మామూలు దారి అని చెప్పడం ఆయనకు చేసిన అన్యాయం. ఇక రెండోది, ఒరిజినల్ అన్నది, ఒక్క రకం కాదు. ఎవరికి ఏ రకం సరిపోతుందో దుకాణంలో ఎవరూ చెప్పరు. కొనేవారు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నాకు ఇస్తున్న ఈ కీ దేనికి కట్టి ఉంది? ఈ మెషీన్‌కా, కొన్న మనిషికా, ఏదైనా సంస్థకా?

కొల్లాపూర్ వాళ్లకు తోట గుత్త సంగతి నేను చెప్పనక్కర్లేదు. పూత మీదనో పిందె మీదనో వ్యాపారి తోట పట్టుకుంటాడు. ఆ ఏటి కాపు అతనిది, చెట్లు రైతువి. ఎన్నాళ్లు, ఎన్ని చెట్లు, మధ్యలో ఇంకొకరికి మార్చుకోవచ్చా అన్నది ముందు మాట్లాడుకున్నదాన్ని బట్టి ఉంటుంది. విండోస్ కొనడం కూడా అంతే. ప్రోగ్రాము మైక్రోసాఫ్టు కంపెనీదే, షరతులకు లోబడి వాడుకునే హక్కు మనది. అయిదేసి అక్షరాల చొప్పున అయిదు గుంపులుగా ఉండే ఇరవై అయిదు అక్షరాల కీ, ఆ హక్కు మనకుందని మెషీన్‌కు చెప్పే గుర్తు. డబ్బు పెట్టి కొనేది హక్కును. కీ ఒక్కటే చేతికొచ్చి హక్కు రాకపోతే కొన్నట్టు కాదు.

ఈ కీలలో ఇన్ని రకాలు ఎందుకు వచ్చాయో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు, కీ కొట్టిన తర్వాత మైక్రోసాఫ్టు దగ్గర దాన్ని నమోదు చేసి యాక్టివేట్ చేయించుకోవాలనే పద్ధతి మొదలైంది. ఒక కీని పదిమంది వాడకుండా చూడడం దాని ఉద్దేశం. అయితే వందల కంప్యూటర్లున్న పెద్ద కంపెనీలకు ఒక్కొక్కదాన్నీ యాక్టివేట్ చేయడం తలనొప్పి కనుక, వాళ్లకిచ్చిన వాల్యూమ్ కీలకు ఆ పని అక్కర్లేకుండా చేశారు. అలాంటి కీ ఒకటి, ఎఫ్‌సీకేజీడబ్ల్యూ అనే అక్షరాలతో మొదలయ్యేది, ఎక్స్‌పీ మార్కెట్లోకి రాకముందే బయటికి పొక్కింది. సీడీల మీద రాసి ప్రపంచమంతా పంచుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన సర్వీస్ ప్యాక్‌తో మైక్రోసాఫ్టు దాన్ని నిలిపేసింది. ఆ దెబ్బతోనే తర్వాతి విస్టా కాలం నుంచి సంస్థల కీలకు కూడా యాక్టివేషన్ తప్పనిసరి అయింది. ఈ రోజుకీ దొంగ విండోస్‌లో చాలా భాగం సంస్థలకని పెట్టిన ఆ దారినే పట్టుకొని వస్తోంది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు ల్యాప్‌టాప్ కొన్నవారి సంగతి. పేరున్న కంపెనీ ల్యాప్‌టాప్ విండోస్‌తో కలిపి కొంటే దానితో వచ్చేది ఓఈఎమ్ కీ. అంటే తయారీ కంపెనీ ముందే కొని మెషీన్‌లో పెట్టి అమ్మేది. ఇది ఆ మెషీన్‌కు, ఇంకా సరిగా చెప్పాలంటే దాని మదర్‌బోర్డుకు కట్టి ఉంటుంది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ఈ కీని కాగితం మీద కాకుండా మదర్‌బోర్డులోని చిప్‌లోనే రాసి పెడుతున్నారు. కంటికి కనిపించదు, స్టిక్కరు మీద ఉండదు, పోగొట్టుకుందామన్నా పోదు.

కానీ చాలామంది పోగొట్టుకుంటున్నారు. ఈ మాట కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లలో జరిగే నష్టాల్లో ఇది అన్నిటికంటే పెద్దది, ఎవరి కంటా పడనిది. ల్యాప్‌టాప్ రెండు మూడేళ్లకు మొరాయిస్తుంది. దుకాణానికి ఇస్తే ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేసిస్తారు. మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్‌లలో చాలావాటితో వచ్చేది హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అనే రకం. దుకాణంలోని పెన్‌డ్రైవ్‌లో ఉండేదేమో ప్రో రకం. ఆ ప్రోకు మదర్‌బోర్డులో ఉన్న హోమ్ కీ సరిపోదు. అప్పుడు క్రాక్ అనే దొంగ ప్రోగ్రాము ఒకటి నడిపి యాక్టివేట్ అయినట్టు చూపిస్తారు. ఇంటికొచ్చిన ల్యాప్‌టాప్ బాగానే నడుస్తుంది. కానీ ఆ ఇంటివాళ్లు కొన్ననాడే డబ్బు కట్టి సంపాదించుకున్న హక్కు చిప్‌లో నిద్రపోతూ ఉంటుంది, పైన దొంగ కీ నడుస్తూ ఉంటుంది. అదంతా ఫార్మాట్ చార్జీ కట్టి మరీ చేయించుకున్నది.

కాబట్టి ఫార్మాట్‌కు ఇచ్చే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, సిస్టమ్, ఆ తర్వాత అబౌట్ అనే చోట ఏ రకం విండోస్ ఉందో చూసి కాగితం మీద రాసుకోండి. హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అని ఉంటే అదే వేయమని గట్టిగా చెప్పండి. మైక్రోసాఫ్టు సైటు నుంచి ఉచితంగా దించుకున్న విండోస్‌తో వేస్తే అది చిప్‌లోని కీని తానే చదువుకుంటుంది. కీ కొట్టమని అడగదు, క్రాక్ అవసరం రాదు. ఇప్పటికే ఎవరైనా ప్రో వేసి ఇచ్చి ఉంటే ఫోటోలూ సర్టిఫికెట్లూ వేరే డిస్కులోకి తీసుకొని, మళ్లీ శుభ్రంగా హోమ్ వేయించుకోవచ్చు. మీ సొమ్ము మీకు తిరిగి దక్కుతుంది.

ప్రో అంటే గొప్పది, హోమ్ అంటే తక్కువది అనుకోవడం కూడా దీనికి తోడైంది. ప్రోలో అదనంగా ఉండేవి ఆఫీసు నెట్‌వర్కులో డొమైన్‌కు చేర్చడం, దూరం నుంచి ఆ కంప్యూటర్‌ను నడపడం, డిస్కును బిట్‌లాకర్‌తో పూర్తిగా మన చేతి కింద తాళం వేసుకోవడం లాంటివి. డిగ్రీ చదివే పిల్లకు, ఇంట్లో పద్దులు రాసుకునే రైతుకు హోమ్ సరిపోతుంది.

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఇంకో మెలిక ఉంది. ఒకే మోడల్ ఒక దుకాణంలో కొన్ని వేలు తక్కువకు వస్తుంటే అది డాస్ మోడల్ కావచ్చు. అంటే అందులో విండోస్ లేదు, ఫ్రీడాస్ అని ఒక చిన్న ఉచిత వ్యవస్థ మాత్రం ఉంటుంది, చిప్‌లో కీ ఉండదు. తగ్గిన ధర విండోస్ ధరే. దాని మీద దుకాణంలో ఏ విండోస్ వేసినా, వేరే లైసెన్సు కొంటే తప్ప, అది దొంగదే. డాస్ మోడల్ కొనడం తప్పేమీ కాదు, లినక్స్ వాడదలచుకున్నవారికి అదే లాభం. విండోసే కావాలనుకుంటే మాత్రం విండోస్‌తో కలిపి వచ్చే మోడల్ కొనండి, విడిగా కీ కొనడం కంటే చాలాసార్లు అదే తక్కువలో పోతుంది. బిల్లు మీద విండోస్ 11 హోమ్ అని రాయించుకోండి.

రెండోది రిటైల్ కీ. విడిగా, పూర్తి ధర పెట్టి కొనేది. ఇది ఒకసారికి ఒక మెషీన్‌లోనే నడుస్తుంది గానీ, పాత మెషీన్‌లో తీసేసి కొత్తదానిలో వేసుకునే హక్కు కొన్న మనిషికి ఉంటుంది. బస్టాండు దగ్గరి జిరాక్స్ సెంటర్‌లో, ఫ్లెక్సీలు వేసే చోట ఉండేవి ఎక్కువగా అసెంబుల్డ్ సిస్టమ్‌లు. ఉరుములు మెరుపులు వచ్చి, కరెంటు ఎక్కువ తక్కువై, మదర్‌బోర్డు కాలిపోవడం మనకు కొత్త కాదు. అక్కడ ఓఈఎమ్ కీ అయితే బోర్డుతోనే పోతుంది. వారంటీ కింద కంపెనీ మార్చి ఇస్తే తప్ప కొత్త బోర్డుకు అది వర్తించదు. రిటైల్ అయితే నిలుస్తుంది. అసెంబుల్డ్ సిస్టమ్ పెట్టి రోజూ బతుకుతెరువు నడుపుకునేవారికి ధర ఎక్కువైనా రిటైలే తగినదని నా అభిప్రాయం. కీని ఒక మైక్రోసాఫ్టు అకౌంటుకు జోడించి పెట్టుకుంటే బోర్డు మార్చినప్పుడు మళ్లీ యాక్టివేట్ చేసుకోవడం సులువు.

మూడోది వాల్యూమ్ లైసెన్సు. కాలేజీలకు, ఆఫీసులకు, కంపెనీలకు. ఇందులో రెండు పద్ధతులున్నాయి. మ్యాక్ అనే పద్ధతిలో ఒకే కీతో ఇన్ని మెషీన్లని లెక్కగట్టి ఇస్తారు, ఒక్కో మెషీన్ ఒకసారి యాక్టివేట్ అయితే చాలు. కేఎమ్ఎస్ అనే పద్ధతిలో సంస్థలోనే ఒక సర్వర్ పెట్టుకుంటే మిగతా కంప్యూటర్లు దాన్ని అడిగి యాక్టివేట్ అవుతాయి. ఆ అనుమతి 180 రోజులుంటుంది, మెషీన్లు మధ్యమధ్యలో వెళ్లి దాన్ని పొడిగించుకుంటూ ఉంటాయి. నెట్‌వర్కులో కనీసం 25 మెషీన్లు అడిగితే గానీ ఆ సర్వర్ విండోస్‌కు పలకదు. ఇరవై సిస్టమ్‌ల ల్యాబు ఉన్న జూనియర్ కాలేజీకి కేఎమ్ఎస్ పనికిరాదు, మ్యాక్ కావాలి. ల్యాబు పెట్టే యాజమాన్యాలు తెలుసుకోవాల్సినది మరొకటి: వాల్యూమ్ కింద వచ్చే విండోస్ మామూలుగా అప్‌గ్రేడ్ హక్కు మాత్రమే. కింద మొదటి విండోస్ లైసెన్సు ఉన్న మెషీన్ మీదే చెల్లుతుంది. డాస్ సిస్టమ్‌లు చవకగా తెప్పించి, వాల్యూమ్ కొన్నాం కదా అనుకుంటే కాగితం లెక్కకు నిలవదు.

ఇందాక చెబుతానన్న మాటకు వస్తాను. క్రాక్‌లలో చాలా కాలంగా ఊరూరా తిరుగుతున్నవి ఈ కేఎమ్ఎస్ దారివే. మీ కంప్యూటర్‌లో ఒక దొంగ సర్వర్‌ను పెట్టి, మీది పెద్ద సంస్థ అని విండోస్‌ను నమ్మిస్తాయి. అది పనిచేయాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమంటారు. అంటే విండోస్‌లోనే ఉండే డిఫెండర్‌ను ఆపేసి, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాముకు మెషీన్ మీద పూర్తి అధికారం ఇస్తారు. కేఎమ్ఎస్‌పికో అనే పేరు మీద తిరిగే ఇన్‌స్టాలర్‌లలో క్రిప్ట్‌బాట్ అనే దొంగ ప్రోగ్రాము ఉన్నట్టు 2021లో భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులను అది ఎత్తుకుపోతుంది.

ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకు ఒరిజినల్ కీ అని అమ్మేవాళ్లూ ఉన్నారు. అది చాలాసార్లు ఏదో సంస్థ మ్యాక్ కీ, లేదా పాత మెషీన్ల ఓఈఎమ్ కీ. యాక్టివేట్ కావచ్చు, పచ్చ టిక్కు కనబడవచ్చు. సంస్థకు ఇచ్చిన లెక్క అయిపోతే, మళ్లీ విండోస్ వేసినప్పుడు ఆ కీ పనిచేయదు. మైక్రోసాఫ్టు ఆ కీని నిలిపేస్తే మెషీన్ మళ్లీ మొదటికొస్తుంది. కీ వచ్చింది, హక్కు రాలేదు.

మీ మెషీన్‌లో ఉన్నది ఏ రకమో ఇప్పుడే చూసుకోవచ్చు. పెన్ను కాగితం ఉంటే రాసుకోండి. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీటనూ, ఆర్ మీటనూ కలిపి నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఎస్, ఎల్, ఎమ్, జి, ఆర్ అనే అయిదు అక్షరాలు కలిపి కొట్టండి. ఒక ఖాళీ వదలండి. ప్రశ్నార్థకం ఉన్న మీట మీద ఒక ఏటవాలు గీత ఉంటుంది, అది కొట్టండి. దాన్ని ఆనుకొని డి, ఎల్, ఐ కొట్టి ఎంటర్ నొక్కండి. కొద్ది క్షణాల్లో వచ్చే వివరంలో ఓఈఎమ్ అనో, రిటైల్ అనో, వాల్యూమ్ అనో ఇంగ్లీషులో కనబడుతుంది. ఇంట్లో వాడుకునే సొంత ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ కేఎమ్ఎస్ క్లయింట్ అని వచ్చి, పక్కన రోజుల లెక్క ఉంటే, ఎవరో మీకు క్రాక్ వేసిచ్చారన్నమాట. రిటైల్ అని వచ్చినంత మాత్రాన నిశ్చింత అనుకోవద్దు, కొత్త క్రాక్‌లు ఆ ముసుగు కూడా వేసుకుంటున్నాయి. బిల్లు ఉందా, ఎవరి దగ్గర కొన్నాం, ఎంతకు కొన్నాం అన్నవి అప్పుడు చూడాలి.

ఇంట్లో ల్యాప్‌టాప్ ఒక ఎత్తు, పదిమంది వచ్చే సెంటర్ ఒక ఎత్తు. మీ సేవ 2011లో మొదలైనప్పటి నుంచి ఆదాయం, కులం, నివాసం సర్టిఫికెట్లకూ, భూమి రికార్డుల కోసం తర్వాత ధరణికీ, ఇప్పుడు భూభారతికీ మనవాళ్లు సెంటర్ల మీదే ఆధారపడ్డారు. సోమశిల వైపు చెంచు గూడెం నుంచి వచ్చిన అవ్వ తన ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం బల్ల మీద పెడుతుంది. ఆమె వేలిముద్ర, పట్టాదారు పాస్‌బుక్ కాపీ, ఫోనుకు వచ్చిన ఓటీపీ అన్నీ ఆ ఒక్క కంప్యూటర్ గుండా పోతాయి. ఆ కంప్యూటర్‌లో ఏ విండోస్ ఉందో అడగాలని ఆమెకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ పూచీ సెంటర్ నడిపేవారిది. సొంత ఇంట్లో దొంగ కీ వాడితే నష్టం మనది. అలాంటి చోట వాడితే నష్టపోయేది ఆమె. సెంటర్లు నడిపే తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ నేను చేతులెత్తి అడిగేది ఇదే: ప్రింటర్ టోనర్‌కు పెట్టినట్టే లైసెన్సుకూ డబ్బు పెట్టండి.

చట్టం కూడా ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది. కాపీరైట్ చట్టం, 1957లోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాము వాడితే ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50 వేలకు తగ్గకుండా 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం కాదని తేలితే, కోర్టు కారణాలు రాసి జైలు లేకుండా 50 వేల వరకు జరిమానాతో సరిపెట్టవచ్చు. సెంటర్‌కు ఆ వెసులుబాటు దొరకడం కష్టం.

అప్‌డేట్ పడని కంప్యూటర్‌కు ఏమవుతుందో తెలుగు నేల ఒకసారి దగ్గరగా చూసింది. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టుముట్టి ఫైళ్లకు తాళాలు వేసి డబ్బులడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్టు మార్చి 14నే విడుదల చేసింది. అంటే రెండు నెలల వ్యవధి దొరికింది. ఆ పోలీసు కంప్యూటర్ల లైసెన్సుల మాట నేను ఎత్తడం లేదు, అప్‌డేట్ విలువ చెప్పడానికే ఈ సంగతి. క్రాక్ వేసినవారు చాలాసార్లు అప్‌డేట్లు కూడా ఆపేస్తారు, వాటితో క్రాక్ అడ్డం తిరుగుతుందేమోనని.

ఇంతకీ డబ్బు లేకపోతే? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా దొంగ కీ వాడొద్దని చెప్పే హక్కు నాకు లేదు. జవాబు ఉంది. లినక్స్. దానికి కీ ఉండదు. లైసెన్సు ఉంటుంది గానీ ఆ లైసెన్సు చెప్పేదే వేరు: వాడుకోండి, కాపీ చేసి పక్కవారికి ఇవ్వండి, చేతనైతే మార్చుకోండి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ పనికి 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నల్ జతపడి ఇది ఇంతదయింది. మన తెలుగులోనే హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో లినక్స్‌ను తయారు చేసింది, పిల్లల కోసం బాల స్వేచ్ఛ అనీ ఒకటి చేసింది. కేంద్ర సంస్థ సీడాక్ బాస్ అనే లినక్స్‌ను 2007 నుంచి ఇస్తోంది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మన పాలమూరు బడులకు అది ఎందుకు చేతకాదో నాకు అర్థం కాదు.

అయితే అందరికీ లినక్స్ చాలదు. అనూ ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో, కోరల్‌డ్రాతో పెళ్లిపత్రికలు చేసే డీటీపీవారికి విండోస్ తప్పదు. ట్యాలీ మీద లెక్కలు రాసేవారికీ, వేలిముద్ర పరికరం డ్రైవర్ విండోస్‌కే ఇచ్చిన సెంటర్లకూ తప్పదు. చదువుకునే పిల్లలకు, ఇంట్లో ఇంటర్నెట్ చూసుకునేవారికి, బడికి, గ్రంథాలయానికి లినక్స్ చాలు. పాత ప్రోగ్రాము కోసం విండోస్ 7నే పట్టుకొని ఉన్న దుకాణాలకు ఒక మాట: దాని భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. ఆ సిస్టమ్‌కు ఇంటర్నెట్ తీగ పీకేసి, డిజైన్ పనికే ఉంచుకోండి.

విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు అందే ఏర్పాటు ఉంది. విండోస్ 10కు నిజమైన లైసెన్సు ఉండి, మెషీన్‌లో టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్, సరిపడే ప్రాసెసర్ ఉంటే విండోస్ 11కు అదే లైసెన్సు చెల్లుతుంది, కొత్త కీ కొననక్కర్లేదు. విండోస్ 7, 8 కీలతో అలా మారే దారిని మాత్రం 2023లో మూసేశారు. ఆ పాత కీలను ఇప్పుడు ఎవరైనా అమ్మజూపితే తీసుకోకండి.

చివరగా, పాతది అమ్మేవారికి. ల్యాప్‌టాప్ అయితే ఓఈఎమ్ హక్కు దానితోపాటే కొన్నవారికి పోతుంది. ఆ సంగతి వారికి చెప్పి, తగిన ధర అడగండి. మీ ఫైళ్లన్నీ తుడిచేసి ఇవ్వండి. అసెంబుల్డ్ సిస్టమ్ అయి, రిటైల్ కీ అయితే, స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇందాక చెప్పిన అయిదు అక్షరాల తర్వాత ఖాళీ, ఏటవాలు గీత, యు, పి, కె కొట్టండి. కీ ఆ మెషీన్ నుంచి తొలగిపోతుంది. కాగితం మీది కీ, దాని బిల్లు మీ దగ్గరే ఉంచుకొని కొత్త సిస్టమ్‌కు వాడుకోండి.